తెలుగు సైటుకు తేలికైన ఫాంటు ఏది?

గూగుల్ ఫాంట్స్ (గూగుల్ సర్వర్ల నుంచి ఫాంట్లు ఇచ్చే సేవ) లింకు మేలా, ఫైలు మన సర్వర్లోనే పెట్టుకోవడం మేలా అని చాలామంది అడుగుతున్నారు. మూడో దారి ఉంది: ఫాంటే పంపకుండా, ఫోనులో ఉన్నదాన్నే వాడుకోవడం. నా ఓటు దానికే.

వెబ్‌పేజీల్లో అక్షరాలను దాచే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. వెయ్యి మాటల వ్యాసం సుమారు 25 కేబీ, బ్రాట్లీ అనే కుదింపు పద్ధతితో కుదిస్తే అందులో సగం కూడా ఉండదు. తెలుగు ఫాంటు మాత్రం వాఫ్2లో (వెబ్ ఫాంట్ల ఫైలు రకం) కుదించాక కూడా పదుల కేబీలు. బోల్డ్ కావాలంటే మరో ఫైలు. చదివే మాటల కంటే వాటిని చూపించే సరంజామాకే ఎక్కువ డేటా, ఎక్కువ కరెంటు. పైగా ఇంగ్లీషు ఫాంటులా దీన్ని మరీ చిన్నగా కత్తిరించలేం. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలే ఉన్నా, గుణింతాలకూ వత్తులకూ ఫాంటులో వందల గ్లిఫులు (అక్షర రూపాలు) కావాలి.

ఆండ్రాయిడ్‌లో నోటో సాన్స్ తెలుగు, ఆపిల్‌లో కోహినూర్ తెలుగు, విండోస్‌లో నిర్మలా యూఐ ఎలాగూ ఉన్నాయి. సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్)లోని ఫాంట్-ఫ్యామిలీలో ఈ మూడూ రాసి, చివర సాన్స్-సెరిఫ్ పెడితే చాలు. విండోస్ పాత తెలుగు ఫాంటు గౌతమి ఒక్కదాన్నే నమ్ముకోకండి. విండోస్ 10 నుంచి అది విడిగా వేసుకోవాల్సిన ఫాంటు. లైన్-హైట్ (వరుసల ఎడం) 1.6కు తగ్గితే వత్తులు కింది వరుసను తాకవచ్చు.

గూగుల్ లింకుతో రెండు వేరే సర్వర్లను పలకరించాలి. ఒకసారి దిగితే అన్ని సైట్లకూ పనికొస్తుందన్న వాదన క్రోమ్ 86 (2020), ఫైర్‌ఫాక్స్ 85 (2021) కాష్‌ను (దించినవాటిని బ్రౌజర్ దాచుకునే చోటును) సైటువారీగా విడగొట్టడంతో పోయింది. శీర్షికలను బొమ్మలుగా పెట్టడం అసలు వద్దు.

శీర్షికలకు ప్రత్యేక రూపం కావాల్సిందే అంటే, ఒక్క ఫాంటును మీ సర్వర్లో పెట్టండి. ఫాంట్లను సవరించే సాఫ్ట్‌వేర్ ఫాంట్‌టూల్స్‌లోని పైఎఫ్‌టీ‌సబ్‌సెట్‌తో తెలుగు బ్లాకు (ఆ 128 స్థానాలు), ఖాళీ, విరామచిహ్నాలు, అంకెలు, జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కనిపించని సంకేతం) ఉంచి మిగతావి తీసేయండి. లేఅవుట్ ఫీచర్లను (అక్షరాలను కలిపి వత్తులు, గుణింతాలు కట్టే సూత్రాలను) మాత్రం ముట్టుకోవద్దు. వేరే పనిముట్లతో కత్తిరించినప్పుడు అవి ఎగిరిపోతే ‘స్త్రీ’ కాస్తా ‘స్‌త్‌రీ’ అవుతుంది. మండలి, రామభద్ర ఫాంట్లకు ఒకటే వెయిట్ (అక్షరం లావు) ఉంది. శీర్షికకు బోల్డ్ తీసేయకపోతే బ్రౌజరే అక్షరాలను కృత్రిమంగా లావు చేసి సున్నాలను పూడ్చేస్తుంది. సీఎస్ఎస్‌లో ఫాంట్-డిస్‌ప్లేకు స్వాప్ (ఫాంటు ఎప్పుడు దిగినా మార్చేయడం) బదులు ఆప్షనల్ (వెంటనే దిగితేనే వాడటం) ఇవ్వండి. అప్పుడు నెట్ నెమ్మదిగా ఉన్నచోట ఫోను ఫాంటే నిలబడుతుంది, చదువుతుండగా వరుసలు కిందికి జారవు.