పాత పుస్తకాలు పంచడమా, సాయంత్రం చదువు చెప్పడమా?

మా అపార్ట్‌మెంట్‌లో తొమ్మిది, పది చదివే పిల్లలు పక్క బస్తీ పిల్లల కోసం ఏదైనా చేద్దామనుకున్నారు. ముందు తట్టింది పుస్తకాల సేకరణ. లిఫ్ట్ పక్కన అట్టపెట్టె పెడితే రెండు వారాల్లో నిండింది. కానీ సగం పాత ఐఐటీ ఫౌండేషన్ గైడ్లే! సర్కారు బడిలో పాఠ్యపుస్తకాలు ఎలాగూ ఉచితమే. పనికొచ్చేవి కథల పుస్తకాలు. అవి ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద చవగ్గా దొరుకుతాయి.

రెండోది, సాయంత్రం గంటసేపు చదువు చెప్పడం. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23లో 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లిష్ మీడియం తెచ్చారు. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు. ఆరో తరగతి బాబు ఒకడు 'ఫ్రాక్షన్' అని గడగడా చదివాడు. అర్థం అడిగితే వేలు పక్క పేజీకి జరిపి 'భిన్నం' అన్నాడు. అదీ తెలియదు. మా అమ్మాయి చపాతీని నాలుగు ముక్కలు చేసి ఒకటి చేతిలో పెట్టింది. "పావు కిలోలో పావా అక్కా?" అన్నాడు. ఈ పని ఏ పెట్టె చేస్తుంది?

చిక్కల్లా నిలకడతోనే. పదో తరగతి పరీక్షల టెన్షన్ మొదలవగానే చెప్పేవాళ్లు మాయం. అందుకే వారానికి రెండు రోజులే పెట్టుకుని, జనవరి నుంచి తొమ్మిదోవాళ్లకు అప్పజెప్పమన్నాను. నా ఓటు దీనికే.

పెట్టె తీసెయ్యక్కర్లేదు. గైడ్లు వద్దని దాని మీద పెద్దక్షరాలతో రాస్తే చాలు.