ఎస్‌బార్‌తో తొమ్మిదేళ్లు: నాలుగో అక్షరం గురించి

ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకు ఎస్‌బార్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. నర్సింగ్ స్టేషన్ గోడ మీద లామినేట్ చేసి అంటించే ఉంటుంది. బయటివాళ్ల కోసం ఒక్క మాట. రాత్రిపూట డాక్టర్‌కి ఫోన్ చేసినా, డ్యూటీ మారేటప్పుడు పేషెంట్‌ని ఇంకొకరికి అప్పగించినా నాలుగు ముక్కల్లో చెప్పాలి. ఇప్పుడేం జరుగుతోంది, వెనక కథేమిటి, నాకేమనిపిస్తోంది, నాకేం కావాలి. సిచ్యుయేషన్, బ్యాక్‌గ్రౌండ్, అసెస్‌మెంట్, రికమండేషన్. అమెరికా నౌకాదళంలో అణు జలాంతర్గాముల్లో వాడిన పద్ధతి ఇది. 2000ల మొదట్లో కైజర్ పర్మనెంటే అనే అక్కడి ఆసుపత్రుల సంస్థ దీన్ని వార్డుల్లోకి తెచ్చింది. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పేషెంట్ల అప్పగింతకు దీన్ని వాడమని సూచించింది.

మొదటి మూడు ముక్కల గురించి నేను పెద్దగా చెప్పేదేమీ లేదు. అవి లేకపోయినా మంచి సిస్టర్ ఎలాగోలా చెప్పుకొస్తుంది. నేను రాస్తున్నది చివరి ఆర్, అంటే రికమండేషన్ కోసం. ఈ ఉద్యోగంలో నాకు దొరికినవాటిలో అంత విలువైనది ఇంకొకటి లేదు.

ఎందుకో చెప్పాలంటే అంతకుముందు మేం ఫోన్లో ఎలా మాట్లాడేవాళ్లమో చెప్పాలి. నర్సింగ్ స్కూల్లో మాకు నేర్పింది గమనించు, రాయి, డాక్టర్‌కి తెలియజెయ్యి అని. జబ్బు ఇదీ అనడం మన పని కాదు, ఏం చెయ్యాలో చెప్పడం అసలే మన పని కాదు. దానికి తోడు ఇంట్లో పెద్దంతరం చిన్నంతరం అంటూ పెంచిన పెంపకం. అందుకని డాక్టర్‌కి ఫోన్ చేస్తే పేషెంట్ పేరు, వయసు, ఎప్పుడు చేరాడు, నిన్న ఏం తిన్నాడు, ఇలా మొదటి నుంచి కథ చెప్పుకుంటూ వచ్చి, అసలు విషయం దగ్గరికొచ్చేసరికి నీళ్లు నమిలేవాళ్లం. 'కొంచెం డల్‌గా ఉన్నారు సర్' అనేవాళ్లం. 'వచ్చి చూడండి' అనే మాట మాత్రం నోట్లోంచి వచ్చేది కాదు. మనం చెప్పింది విని ఆయనే అర్థం చేసుకుని వస్తాడని ఆశ. నిద్రలోంచి లేచిన మనిషికి అంత అర్థం చేసుకునే ఓపిక ఎక్కడుంటుంది?

ఒక రాత్రి గురించి చెప్తాను. నేను అప్పుడు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి సర్జికల్ వార్డులో ఉన్నాను. ఎస్‌బార్ మీద గంటసేపు క్లాసు పెట్టి అప్పటికి రెండు వారాలు. క్లాసులో అందరం తలలూపాం. తర్వాత ఎవరూ వాడలేదు.

12వ బెడ్‌లో అరవై దాటిన ఒక పెద్దాయన. పేగు ఆపరేషన్ అయి మూడో రోజు. సాయంత్రం లేచి నాలుగడుగులు నడిచాడు కూడా. రాత్రి పది గంటల రౌండ్‌లో పల్స్ 92, బీపీ 118/76, అంతా బాగానే ఉంది. పన్నెండున్నరకు ఆయన భార్య స్టేషన్ దగ్గరికొచ్చింది. చేతిలో స్టీలు గ్లాసు. 'మనిషి ఎప్పట్లా లేడమ్మా. నీళ్లు తాగమంటే మొహం తిప్పేసుకుంటున్నాడు' అంది. వెళ్లి చూశాను. పల్స్ 104. నుదురు మీద సన్నగా చెమట. ఏమైనా నొప్పి ఉందా అంటే లేదన్నాడు.

ఒంటిగంటకు డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేశాను. నేనన్న మాటలు నాకింకా గుర్తే: 'సారీ సర్, డిస్టర్బ్ చేస్తున్నాను. 12లో పేషెంట్ కొంచెం డల్‌గా ఉన్నారు సర్. పల్స్ కొంచెం ఎక్కువుంది.' 'పెయిన్ ఉందేమో సిస్టర్. పారాసిటమాల్ ఇచ్చి అబ్జర్వ్ చెయ్యండి' అన్నారు. 'ఓకే సర్' అని పెట్టేశాను. ఆయన్ని తప్పుపట్టడానికి ఇది రాయట్లేదు. ఆ రాత్రి మూడు ఫ్లోర్లు ఆయన చేతిలో ఉన్నాయి. నేను చెప్పిన దాంట్లో ఆయన పరుగెత్తుకు రావాల్సిన సంగతి ఒక్కటీ లేదు. రెండుసార్లు 'కొంచెం' అన్నాను.

రెండు గంటలకు పల్స్ 118. శ్వాస నిమిషానికి 24. బీపీ 98/60. జ్వరం 101 దాటింది. ఆక్సిజన్ 93. యూరిన్ బ్యాగ్ లైటు కింద పెట్టి చూశాను. రెండు గంటల్లో 35 మిల్లీలీటర్లు. ఎప్పుడూ లేత పసుపు రంగులో ఉండేది టీ డికాక్షన్‌లా ఉంది. పల్స్, బీపీ, శ్వాస లాంటివాటికి మార్కులు వేసి కలిపితే పేషెంట్ ఎంత ప్రమాదంలో ఉన్నాడో చెప్పే లెక్క ఒకటుంది, న్యూస్ స్కోరు అంటాం. చార్టులో అది వేస్తే 9 వచ్చింది. ఈ స్కోరు బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ తయారుచేసింది. 7 వచ్చిందంటే చాలు, ఎమర్జెన్సీ అని లెక్క. పాదాలు పట్టుకుంటే చల్లగా తగిలాయి.

మళ్లీ ఫోన్ చెయ్యాలి. గంట కిందటే చేశాను, ఏమంటారో అని టెన్షన్. అప్పుడు గోడ మీద కాగితం కనిపించింది. మందుల స్లిప్పు వెనక నాలుగు అక్షరాలు కిందకి రాసుకున్నాను, పక్కన అంకెలు. ఆర్ పక్కన ఏం రాయాలో తోచక పెన్ను ఆగిపోయింది. నాకు కావలసింది ఏమిటని నన్ను నేనే అడుక్కుంటే జవాబు ఒక్కటే: ఆయన రావాలి. 'రావాలి' అని రాసుకున్నాను.

'సర్, థర్డ్ ఫ్లోర్ సర్జికల్ వార్డు. 12వ బెడ్ పేషెంట్ బీపీ 98/60కి పడింది, పల్స్ 118, శ్వాస 24, న్యూస్ స్కోరు 9. పేగు ఆపరేషన్ అయి మూడో రోజు, సాయంత్రం వరకు బాగున్నారు. రెండు గంటల్లో యూరిన్ 35 మాత్రమే వచ్చింది. లోపల ఇన్ఫెక్షన్ మొదలైందేమోనని నా అనుమానం సర్.' ఇక్కడిదాకా చదివినట్టు చెప్పేశాను. తర్వాత అవతల మాట లేదు, ఇవతల నా గొంతు పెగల్లేదు. కాగితం మీద ఆ ఒక్క మాట చూసి అన్నాను: 'మీరు వచ్చి చూడాలి సర్. ఎంతసేపట్లో రాగలరు?'

'పది నిమిషాలు' అన్నారు. అంతకంటే ముందే వచ్చారు, చెప్పులతోనే. పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి, వెంటనే బ్లడ్ కల్చర్ తీయించి, సెలైన్, యాంటీబయాటిక్ మొదలుపెట్టి, సర్జన్ గారికి ఫోన్ చేశారు. లోపల పేగు కుట్టు దగ్గర లీకు. తెల్లారేలోపు మళ్లీ ఆపరేషన్ చేశారు. మూడు వారాల తర్వాత ఆ పెద్దాయన నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. ఆయన భార్య వెళ్లేముందు నా రెండు చేతులూ పట్టుకుంది, ఏమీ మాట్లాడలేదు. ముందుగా పసిగట్టింది ఆవిడే. ఆవిడ మాటను డాక్టర్ దాకా సరిగ్గా చేర్చడానికి నాకు గంటన్నర పట్టింది. ఆ గంటన్నర ఇప్పటికీ నా మనసులో మెదులుతూనే ఉంటుంది.

ఆర్ అనే అక్షరం చేసే పని ఇది. చిన్న ఉద్యోగంలో ఉన్నవాళ్లు పెద్దవాళ్లను 'నాకిది కావాలి' అని అడగడానికి ధైర్యం ఒక్కటే సరిపోదు, అనుమతి కూడా ఉండాలి. గోడ మీద ఆసుపత్రే అంటించిన కాగితం ఆ అనుమతి ఇస్తుంది. నేను గడుసుగా మాట్లాడుతున్నానని ఎవరూ అనలేరు, ఎందుకంటే చివర్లో అడగడం పద్ధతిలో భాగం.

మాట వాడటంలో కూడా ఒక కిటుకు ఉంది. మొదట్లో నేను 'రాగలరా సర్?' అని అడిగేదాన్ని. మర్యాదగానే ఉంటుంది, కానీ దానికి 'ఇప్పుడు కుదరదు' అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. 'రండి సర్' అంటే ఆజ్ఞలా వినిపిస్తుంది, కొందరికి నచ్చదు. 'ఎంతసేపట్లో రాగలరు?' అంటే గౌరవం గౌరవంగానే ఉంటుంది, రావాలా వద్దా అన్న ప్రశ్న మాత్రం పోతుంది. అవతలివాళ్లు టైమ్ చెప్తారు. ఆ టైమ్ కేస్ షీట్‌లో రాసుకుంటాను. మా వార్డుకొచ్చిన ప్రతి కొత్త సిస్టర్‌కీ మందుల ట్రాలీ చూపించకముందే ఈ వాక్యం నేర్పిస్తాను.

ఇంత మెచ్చుకున్నాను కాబట్టి మిగతాది కూడా చెప్పాలి. ఇది అందరి దగ్గరా ఒకేలా పనిచెయ్యదు. ఒక పెద్ద డాక్టర్ గారు అసెస్‌మెంట్ దగ్గరే ఆపేసి, 'ఏమనిపిస్తోందో నేను చూసుకుంటాను, అంకెలు చెప్పండి చాలు' అన్నారు. ఆయనతో మూడో ముక్క వదిలేసి నాలుగోదానికి వెళ్లడం అలవాటు చేసుకున్నాను. ఆయన వస్తారు, అది చాలు నాకు. కానీ కొత్తగా చేరిన అమ్మాయికి అలా ఎదురైతే మళ్లీ నోరెత్తుతుందా? అలా ఎదురైన ఒక అమ్మాయి ఆ తర్వాత నెలరోజులు ఎవరికి ఫోన్ చెయ్యాలన్నా నన్ను బతిమాలేది.

ఇంకో సంగతి నాకు నాలుగేళ్ల కిందట తెలిసొచ్చింది. సాయంత్రం హ్యాండోవర్‌లో, అంటే డ్యూటీ అప్పగింతలో, ఒక పేషెంట్ గురించి జూనియర్‌కి చక్కగా ఎస్‌బార్‌లో చెప్పాను. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్ రాత్రి డోసు ఇవ్వొద్దు, పొద్దున ప్రొసీజర్ ఉంది అన్నాను. 'అర్థమైందా?' అంటే 'హా సిస్టర్' అంది. అదే సమయంలో పక్క బెడ్ బెల్ మోగింది, ఫోనూ మోగింది. రాత్రి ఆ అమ్మాయి డోసు ఇచ్చేసింది. పొద్దున ప్రొసీజర్ వాయిదా పడింది. పేషెంట్‌కి హాని జరగలేదు. కానీ రాత్రంతా ఏమీ తినకుండా ఉన్నాడు, కొడుకు కరీంనగర్ నుంచి సెలవు పెట్టుకుని వచ్చాడు, ఇద్దరికీ ఇంకో రోజు వృథా. ఆ అమ్మాయి లినెన్ రూములో కూర్చుని ఏడ్చింది. తప్పు సగం నాదే అని ఇన్‌చార్జ్ దగ్గర చెప్పాను.

ఎస్‌బార్ చెప్పేవాళ్లకు చెప్పడం నేర్పుతుంది. వినేవాళ్లు విన్నారో లేదో చూసుకునే ముక్క ఆ నాలుగింటిలో లేదు. ఐ-పాస్ అనే ఇంకో పద్ధతిలో ఉంది. అందులో చివరి మెట్టు, విన్నవాళ్లు విన్నది తిరిగి తమ మాటల్లో చెప్పడం. 9 ఆసుపత్రుల్లో రెసిడెంట్ డాక్టర్లతో దాన్ని వాడి చూసిన ఫలితాలు 2014లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. పొరపాట్లు 23 శాతం తగ్గాయి. అప్పటినుంచి నేను 'అర్థమైందా?' అని అడగడం మానేశాను. 'ఇప్పుడు నువ్వు నాకు చెప్పు' అంటాను. మొదట్లో పరీక్ష పెడుతున్నానని ముఖం ముడుచుకున్నారు. ఇప్పుడు నేను అడగకముందే చెప్తున్నారు.

పేషెంట్ ఇంటివాళ్లతో మాత్రం ఎస్‌బార్ నాకు పనికి రాలేదు. రెండుసార్లు ప్రయత్నించాను. భయంతో ఉన్న మనిషికి నాలుగు ముక్కల్లో చెప్తే కఠినంగా వినిపిస్తుంది. వాళ్లకు ముందు పక్కన కూర్చోవాలి, భోజనం చేశారా అని అడగాలి, తర్వాతే విషయం. దానికి వేరే ఓపిక కావాలి, వేరే నేర్పు కావాలి.

కాబట్టి ఈ పద్ధతి తీసుకోవచ్చా అంటే, పెద్ద ఆసుపత్రిలో, డాక్టర్ ఫోన్‌కి అవతల ఉండే వార్డులో, రాత్రి డ్యూటీల్లో ఉన్నవాళ్లయితే కళ్లు మూసుకుని తీసుకోండి. ఒక డాక్టర్, ఇద్దరు సిస్టర్లు ఉండే చిన్న నర్సింగ్ హోమ్‌లో ఎంత పనికొస్తుందో నేను చెప్పలేను, అక్కడ నేను పనిచెయ్యలేదు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. నేను ఒకే చోట తొమ్మిదేళ్లుగా ఉన్నాను. డాక్టర్లకు నా గొంతు తెలుసు. నేను 'రావాలి' అంటే వాళ్లు వచ్చేది ఆ పద్ధతి వల్ల ఎంతో, తొమ్మిదేళ్ల పరిచయం వల్ల ఎంతో విడదీసి చెప్పడం కష్టం. ఆ మొదటి రాత్రి మాత్రం నా పేరు కూడా ఆ డాక్టర్‌కి తెలియదు.

మా వారి ఉద్యోగం మారింది. పిల్లల చదువు కోసం వచ్చే నెల నుంచి డయాలసిస్ యూనిట్‌లో పగటి డ్యూటీకి వెళ్తున్నాను. అక్కడ వారానికి మూడుసార్లు వచ్చేది ఎప్పుడూ అదే పేషెంట్లు, డాక్టర్ పక్క గదిలోనే ఉంటారు. ఫోన్ చెయ్యాల్సిన పని పెద్దగా ఉండకపోవచ్చు. ఆ రాత్రి స్లిప్పు మాత్రం ఐడీ కార్డు వెనక అలాగే ఉంది, దాన్ని కొత్త కార్డులోకి మార్చుకున్నాను.