చిన్ని కృష్ణుడి వేషం: కిరీటం చార్టుతోనా, ఫోమ్‌తోనా, గుడ్డతోనా?

కృష్ణాష్టమి దగ్గరపడి స్కూలు నుంచి "వేషం వేసి పంపండి" అని మెసేజ్ రాగానే చాలామంది అద్దె కొట్టుకే పరుగెడతారు. అక్కడ మెరుపుకి కొదవుండదు, కొలతే కుదరదు. ఐదేళ్ల వాడికి చేసిన కిరీటం మూడేళ్ల వాడి కళ్ల మీదికి దిగుతుంది, జరీ అంచు మెడ దగ్గర గీరుతుంది. ఫొటో తీసేలోపే పిల్లాడు అన్నీ పీకేస్తాడు. ఇంట్లో చేస్తే ఆ బాధ తప్పుతుంది. ఇక తేల్చుకోవాల్సింది ఏ సరుకుతో చేయాలన్నదే.

ముందు కిరీటం. చార్టు పేపరు అన్నిటికన్నా చవక, ఏ స్టేషనరీ కొట్లోనైనా దొరుకుతుంది. ఒక్క షీటుతో పట్టీ, ముందు శిఖరం రెండూ వచ్చేస్తాయి. కానీ పండగ వచ్చేది శ్రావణంలో. ఉక్కపోతకి నుదుటి చెమట తగిలి గంటలోపే పట్టీ మెత్తబడి వంగిపోతుంది. చార్టే వాడాలనుకుంటే లోపలివైపు వెడల్పాటి సెల్లోటేపు వరసగా అంటించి, దాని మీద మెత్తటి గుడ్డ పట్టీ వేయండి. బంగారు రంగు కాగితాన్ని ఫెవికాల్‌తో అంటిస్తే తడికి బుడగలు లేచి ముడతలు పడతాయి. డబుల్ సైడ్ టేపుతో అంటిస్తే చదునుగా కూర్చుంటుంది.

ఫోమ్ షీటుకి ఖర్చు కొంచెం ఎక్కువ, కానీ మూడేళ్లు దాటిన పిల్లలకి మా ఓటు దానికే. 2 మిల్లీమీటర్ల మందం ఉన్న మెరుపుల షీట్లు ఎ4 సైజువి రెండు చాలు. తేలిక, చెమటకి చెడదు, మడత పడినా మళ్లీ లేస్తుంది. ముందు దారంతో తల చుట్టుకొలత తీసుకోండి. 50 సెంటీమీటర్లు వచ్చిందనుకుంటే ఫోమ్ పట్టీ 44 మాత్రమే కత్తిరించండి. మిగిలిన ఖాళీలో, వెనకవైపు, 5 సెంటీమీటర్లు బయటికి కనిపించేలా ఎలాస్టిక్ కుట్టాలి, రెండు కొసల్లోనూ సెంటీమీటరు చొప్పున లోపలికి పోతుంది. శిఖరం ఎత్తు 15 సెంటీమీటర్లు దాటితే బరువుకి ముందుకి వాలుతుంది. రెండు షీట్ల అతుకు చెవుల పైన వచ్చేలా చూసుకోండి, నుదుటి మధ్యలో వస్తే ఎంత అలంకరించినా కనబడుతుంది. తెల్ల ఫెవికాల్ ఫోమ్‌ని సరిగా పట్టుకోదు, ఎండాక పెచ్చులా ఊడి వస్తుంది. చెప్పులు అతికించే రబ్బరు జిగురైతే రెండు వైపులా పలచగా రాసి, తడి ఆరి జిడ్డుగా ఉన్నప్పుడు నొక్కాలి. గ్లూ గన్ మరీ వేడిగా ఉంటే పలచటి ఫోమ్ ముడుచుకుపోతుంది. స్టేప్లర్ పిన్ను కొట్టక తప్పకపోతే కొసలు బయటివైపుకి రావాలి, వాటి మీద టేపు వేయాలి.

రెండేళ్లలోపు వాళ్లకి ఈ రెండూ దండగే. తల మీద గట్టిగా ఏది పెట్టినా తీసి విసిరేస్తారు. అమ్మ పాత పట్టుచీర అంచుని మెత్తటి హెయిర్ బ్యాండు మీద కుట్టి, పక్కన ఈక దోపితే చాలు. కృష్ణుడని ఎవరైనా గుర్తుపడతారు.

నెమలి ఈక విషయంలో నిజమైనదానికి సాటి లేదు. అయితే కాడ కొస గుచ్చుకుంటుంది. కన్ను కింద నాలుగు వేళ్ల కాడ ఉంచి మిగతాది కత్తిరించి, కొసకి టేపు చుట్టి, కిరీటం లోపలివైపు అంటించండి. విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కణ్ణుంచి తెప్పించుకుందామని చూడొద్దు, మన దేశం నుంచి ఈకల ఎగుమతికి నిషేధం ఉంది. ఆకుపచ్చ, నీలం, పసుపు కాగితాలు ఒకదాని మీద ఒకటి అంటించి అంచులు సన్నగా చీరితే దూరానికి తేడా తెలియదు.

పంచె కట్టాలా, కుట్టాలా? కట్టిన పంచె అందమే వేరు, కాదనలేం. కానీ చిన్నపిల్లలకి నడుము నిలవదు, పొట్ట మీంచి జారుతుంది. పైగా బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక టీచరు మళ్లీ కట్టలేదు. పసుపు లెగ్గింగ్ మీద పాత కండువాతో వేలెడంత వెడల్పు కుచ్చిళ్లు ఏడెనిమిది పెట్టి, నడుము పట్టీకి ముందువైపు మాత్రమే టాకాలు వేయండి. చుట్టూ కుట్టేస్తే ఎలాస్టిక్ సాగదు, తొడిగేటప్పుడు దారం తెగుతుంది. ఇంట్లో పూజకైతే నిక్షేపంగా కట్టండి, స్కూలుకి మాత్రం కుట్టిందే మేలు.

మెడలో ముత్యాల దండ మూడేళ్లలోపు పిల్లలకి వద్దు. దారం తెగితే పూసలు నోట్లోకే పోతాయి. మిగిలిన ఫోమ్ ముక్కలని గుండ్రంగా కత్తిరించి రిబ్బనుకి అంటించినా హారమే. ఒంటికి నీలం రంగు పూయాలన్న ఉబలాటం ఉంటే ముఖానికి వాడే రంగులే కొనండి, ముందురోజు మోచేతి మడతలో కొంచెం రాసి చూడండి. పోస్టరు కలర్లు, గుడ్డల రంగులు చర్మానికి పనికిరావు. అసలు గంధం నామం, కాటుక ఉంటే నీలం లేకపోయినా లోటు తెలియదు.

ఇక ఇంటి అలంకరణ. ఉట్టికి మట్టి ముంత చూడముచ్చటగా ఉంటుంది, కానీ పిల్లల నెత్తి మీద పగిలితే పెంకులు పడతాయి. దాన్ని వెన్న పెట్టి కృష్ణుడి ముందు ఉంచండి. కొట్టడానికి కాగితం కుండ చేయండి. బెలూన్ ఊది, కప్పు మైదాకి ఐదు కప్పుల నీళ్లు పోసి ఉడికించిన జిగురుతో న్యూస్ పేపరు ముక్కలు మూడు పొరలు అంటించాలి. వానాకాలంలో ఒక్కో పొర ఆరడానికి రోజు పట్టొచ్చు. పై పొర ఆరిందని ఆగకుండా అంటిస్తే లోపల తడి నిలిచి వాసనొస్తుంది. అందుకే నాలుగు రోజుల ముందే మొదలుపెట్టాలి.

గుమ్మం నుంచి పూజ గది దాకా పాదాలకి పొడి ముగ్గుపిండి కంటే నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి మేలు. టైల్స్ మీద పొడి పిండి ఫ్యాను గాలికే చెదిరిపోతుంది. బియ్యప్పిండి దోసెల పిండికన్నా చిక్కగా ఉండాలి, పలచనైతే పాదం ముద్ద కట్టి వేళ్లు కలిసిపోతాయి. పిండిలో తడిపిన గుడ్డ మీద పిడికిలి అంచు అద్ది, నేల మీద ఒత్తండి. లోపలి వంపు ఉన్నవైపు బొటనవేలి చుక్క పెద్దగా, మిగతా నాలుగూ చిన్నగా పెట్టాలి. వేళ్లు ఇంట్లోకి తిరిగి ఉండాలి. ఆరేదాకా పిల్లల్ని అటు రానివ్వకండి. మర్నాడు తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, వారం వదిలేస్తే మాత్రం గీకాల్సిందే.