9 కిలోల డబ్బా, 16 కిలోల బిల్లు

హైదరాబాద్ లాడ్‌బజార్‌లో మోసపోతానేమోనని భయపడుతూ వెళ్లాను. తీరా జేబుకి చిల్లు పడింది ఏసీ వేసి, గోడ మీద కిలో రేటు అచ్చేసి, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టిన ఒక కొరియర్ షాపులో. పేరు రాయను కానీ జరిగింది మాత్రం మొత్తం రాస్తాను.

నేను జర్మనీలో మాగ్డెబర్గ్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. పరీక్షలు అయ్యాక సెప్టెంబర్‌లో మూడు వారాలు ఇంటికొచ్చాను, తిరుగు ఫ్లైటు సోమవారం, కొనాల్సినవి చివరి శనివారం దాకా కొనలేదు. అక్కడ ఆదివారం షాపులన్నీ మూసేస్తారు కాబట్టి శనివారం బజారుకి పరిగెత్తడం ఎలాగూ అలవాటే, ఇక్కడ బేగంబజార్‌లోనూ ఆదివారం చాలా షట్టర్లు దించే ఉంటాయి. మౌనిక, ఫర్హానా, సాయి వస్తామన్నారు. సాయి వచ్చింది సంచులు మోయడానికేనని వాడికి ఎంజీబీఎస్ స్టేషన్లో దిగాక తెలిసింది, అప్పట్నుంచీ మొహం మాడ్చుకునే ఉన్నాడు.

కేపీహెచ్‌బీ నుంచి మెట్రో, పోయినసారి కంటే ఛార్జీ పెరిగింది, అయినా ఆ ట్రాఫిక్‌లో క్యాబ్ కంటే వెయ్యి రెట్లు నయం. ఎంజీబీఎస్ నుంచి చార్మినార్‌కి మెట్రో లేదు, ఆటోనే గతి. 200 అడిగాడు, ఫర్హానా 120కి దింపింది.

లాడ్‌బజార్ గురించి మాత్రం కాస్త ఎక్కువే రాయాలి. నా ఫ్లాట్‌మేట్ క్లారా లక్క గాజులు తెమ్మంది. వాటికి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి ప్రత్యేక వస్తువు అనే ముద్ర, కూడా వచ్చిందని నేనే గొప్పలు చెప్పాను కాబట్టి తేక తప్పదు. చేతి కొలతకని ఒక కాగితం ముక్క ఇచ్చింది. గాజుల షాపాయన దాన్ని అటూఇటూ తిప్పి చూసి పగలబడి నవ్వాడు. ఆవిడ కొలిచింది మణికట్టు! గాజు ఎక్కాల్సింది బొటనవేలు లోపలికి మడిచిన పంజా మీదుగా కదా. అప్పుడు మనకి మధ్యాహ్నం పన్నెండున్నర, వాళ్లకి పొద్దున తొమ్మిది. వీడియో కాల్ చేస్తే నిద్రమొహంతోనే చెయ్యి మడిచి స్కేలు పక్కన పెట్టి చూపించింది. ఆయన కళ్లు చిట్లించి "దో ఆఠ్" అన్నాడు, అంటే రెండంగుళాల మీద పదహారింట ఎనిమిది వంతులు, రెండున్నర అంగుళాలు. ఆమె అడిగిన నీలం రంగులో ఆ సైజు లేదు. "పావుగంట ఆగండి" అని కుర్రాణ్ణి పక్క సందులోకి పంపాడు, మేమూ వాడి వెనకే వెళ్లాం. బొగ్గుల సెగ మీద లక్కని మెత్తబరిచి, కమ్మీలా సాగదీసి, గుండ్రంగా చుట్టి, అది వేడిగా ఉండగానే ఒక్కో రాయి పొదుగుతున్నారు. కాల్ కట్ చెయ్యలేదు, క్లారా పళ్లు తోముకుంటూ అదంతా చూసింది.

ఇంత ఆనందంలో నా నోరు ఊరుకుంటుందా! డజను 900 అంటే "తొమ్మిది యూరోలు కూడా లేదు కదే" అనేశాను పైకే. యూరో వంద దాటిందని ఆయనకి నాకంటే బాగా తెలుసు, వెంటనే "వీటి పని వేరే మేడం, ఇవి 1,400" అన్నాడు. "నువ్వు జర ఊకో, నోరు తెరవకు" అని మౌనిక నన్ను షాపు బయట నిలబెట్టింది. ఫర్హానా ఒకసారి లేచి వెళ్లిపోయినట్టు నటించి, మళ్లీ వచ్చి, చివరికి 750కి తెచ్చింది. ఇది నాకు మోసం అనిపించలేదు. ఆయన రేటు పెంచింది నా కళ్లముందే, తగ్గించిందీ కళ్లముందే, పైగా చేసిన పని చూశాను. నేనైతే అక్కడికే వెళ్లమంటాను, కాకపోతే మీరు బయటి దేశం నుంచి వచ్చారని మీ నోటితో చెప్పకండి, లెక్కలు మనసులో కట్టుకోండి.

నిమ్రా కేఫ్‌లో చాయ్, ఉస్మానియా బిస్కట్లు. బేగంబజార్‌లో మూడు లీటర్ల స్టీల్ కుక్కర్ 1,850, అడుగు చదునుగా ఉన్నదే తీసుకోండి, అక్కడి గాజు పలక స్టవ్‌ల మీద గుండ్రటి అడుగుది ఊగుతూ ఉంటుంది. ఎండుమిర్చి, చింతపండు కొన్నాం. బిర్యానీ తిన్నాం, బాగుంది.

అమ్మ కట్టిన పచ్చళ్లూ పొడులూ సూట్‌కేస్‌లో పట్టవు, నాకిచ్చింది 23 కిలోలు, అందులో కుక్కరే ఒక మూల ఆక్రమించింది. అందుకని ఒక డబ్బా కొరియర్ చేద్దామని సాయంత్రం అమీర్‌పేట్‌లో దిగాం, నాన్న ఆ మూటలన్నీ అక్కడికి తెచ్చిచ్చి వెళ్లారు. ఫోన్‌లో చెప్పిన రేటు కిలో 620. ఆవకాయ, గోంగూర, కందిపొడి, కరివేపాకు పొడి, సకినాలు, జంతికలు. అన్నీ కలిపి 9.2 కిలోలు. తొమ్మిదిన్నరకి కట్టినా 5,890, ఇంకో వెయ్యి పైన అనుకున్నాను. బిల్లు 12,237.

"16 కిలోలు మేడం."

"కాటా మీద తొమ్మిదే కదండీ?"

"వాల్యూమెట్రిక్ మేడం."

డబ్బా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. ఆ లెక్కా అసలు తూకమూ రెంటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. వాళ్లు తెచ్చిన డబ్బా 50, 40, 40. సరిగ్గా పదహారు. దానికి 450 ప్యాకింగ్, పైన 18 శాతం జీఎస్టీ. ఈ పద్ధతి చాలా కొరియర్‌లలో ఉందని ఒప్పుకుంటాను, నా కోపం ఆ డబ్బా మీద. అంత పెద్దది ఎవరు తెమ్మన్నారు? సగం థర్మాకోల్ కుక్కి మరీ! "ఫోన్‌లో చెప్పలేదేంటి" అంటే "మీరు అడగలేదు కదా మేడం" అన్నాడు, నవ్వుతూ. ఆ నవ్వుకి ఒళ్లు మండింది.

అప్పటిదాకా మూలన కూర్చుని ఫోన్ చూసుకుంటున్న సాయి లేచాడు. కొలత టేపు అడిగి తీసుకున్నాడు, డబ్బాకి అంటించిన టేపు చింపాడు, థర్మాకోల్ పీకాడు, రెండు సకినాల ప్యాకెట్లు బయట పడేశాడు, 40, 35, 30 డబ్బా తెప్పించి అందులో అంతా సర్దాడు. ఇప్పుడు లెక్క 8.4, అసలు తూకం 8.7, కట్టాల్సింది 9 కిలోలకి. ప్యాకింగ్ రెండోసారి కూడా 450 వేశారు, ఎంత గొడవపడినా తగ్గలేదు. మొత్తం 7,646. వస్తువుల విలువ దగ్గర కొరియర్ అతను తనంతట తానే 9,000 అని టైప్ చేస్తుంటే ఆపాను. ఇంటివాళ్లు పంపే బహుమతి 45 యూరోల లోపైతేనే అక్కడ పన్ను ఉండదు. మావి నిజంగానే 3,900 రూపాయల సరుకు, బిల్లులూ చూపించాను. డబ్బా సైజు ఎంతో, ఏ తూకానికి బిల్లు వేస్తారో ముందే వాట్సాప్‌లో రాయించుకోండి, లేకపోతే వెళ్లకండి.

ఇంకో ముచ్చట మిగిలింది. మౌనిక వాళ్లమ్మ చికెన్ పచ్చడి పెట్టి పంపారు. యూరప్‌కి మాంసం, పాల పదార్థాలు పంపకూడదు, అందుకే నెయ్యి సీసా కూడా ఇంట్లోనే వదిలాను. కొరియర్ అతనేమో "ఏం కాదు మేడం, మిక్స్‌డ్ పికిల్ అని రాసేస్తా" అన్నాడు. వద్దన్నాను. "మా అమ్మ పొద్దున్నే లేచి చేసింది తెలుసా" అని మౌనిక అమీర్‌పేట్ స్టేషన్ మెట్లదాకా నాతో మాట్లాడలేదు. ఆ సీసా, ఆ రెండు సకినాల ప్యాకెట్లు సాయి చేతిలో పెట్టాం. పొద్దున్నుంచి మొదటిసారి నవ్వాడు, "వచ్చే ఏడు కూడా పిలవండే" అని మెట్లెక్కేశాడు. కుక్కర్ మాత్రం నేనే మోసుకుంటూ ఇంటికొచ్చాను.