మా ఊరి ప్రభుత్వ బడి: ఐదుకి మూడున్నర మార్కులు

అనంతపురం దగ్గర మా ఊరి బడిలో మా పాప నాలుగో తరగతి. టీచర్లు ఓపికగా చెప్తారు. ఎక్కాలు తడబడకుండా అప్పజెప్తోంది. భోజనంలో గుడ్డు ఉంటుంది, పప్పు మాత్రం పలుచన.

అసలు బాధ మరుగుదొడ్డి. గదులు కొత్తవే, కుళాయిలో నీళ్లు వచ్చేవి కాదు. ఆడపిల్లలు పొద్దున్నుంచి నీళ్లే తాగేవాళ్లు కాదు. పాప ఆ మాట చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు. మా కమిటీ సంతకాలతోనే సరిపెట్టేది. చెనక్కాయ పని ఆపుకుని ఆరుగురు అమ్మలం మీటింగులో కూర్చున్నాం. పది రోజుల్లో నీళ్ల మోటారు బాగైంది.

ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లు. వచ్చే మీటింగులో అదే అడుగుతాం. ఈసారి నాన్నలు కూడా రావాలి.