సైడ్‌స్ట్రీమ్ క్యాప్నోగ్రాఫ్: ఒక మత్తు డాక్టర్ రివ్యూ

పేషెంట్ వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో గీతగా చూపే మానిటరే క్యాప్నోగ్రాఫ్; సైడ్‌స్ట్రీమ్ రకం ఆ గాలిని సన్నని గొట్టంతో పక్కకు లాగి కొలుస్తుంది. థియేటర్‌లో నా చూపు ముందు ఈ మానిటర్ గీత మీదికే వెళ్తుంది. శ్వాసనాళంలో పెట్టాల్సిన గొట్టం పొరపాటున అన్నవాహికలోకి వెళ్తే కార్బన్ డయాక్సైడ్ తరంగం నిలవదు, కొన్ని శ్వాసల్లోనే తెలిసిపోతుంది. ముందే ఆక్సిజన్ పట్టించిన పేషెంట్‌లో పల్స్ ఆక్సీమీటర్ అది చెప్పేసరికి నిమిషాలు గడిచిపోవచ్చు. శ్వాస వదిలే చివర్లో మామూలుగా 35-45 మి.మీ. (పాదరసం) మధ్య ఉండే కార్బన్ డయాక్సైడ్ అంకె ఒక్కసారిగా పడిపోయిందంటే సర్క్యూట్ (శ్వాస గొట్టాల అమరిక) ఊడిందా, గుండె సరిగ్గా కొట్టుకోవట్లేదా, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అడ్డుపడిందా అని వెంటనే వెతకాలి. తెర, అలారం బాగున్నాయి. లాగిన గాలిలోని నీటిని పట్టే వాటర్ ట్రాప్ మాత్రం మరీ చిన్నది. పెద్ద కేసుల్లో నిండిపోయి గీత మాయమవుతుంది, అనవసరపు టెన్షన్. పసిపిల్లల్లో అంకె అసలుకన్నా తక్కువ చూపించవచ్చు. వాళ్లకు నేను శ్వాస గొట్టం దగ్గరే కొలిచే మెయిన్‌స్ట్రీమ్‌దే వాడతాను.