గేమ్ బాయ్ ప్లేయర్: పెట్టె మంచిదే, డిస్కుతోనే పేచీ

గేమ్ బాయ్ ప్లేయర్ మీద నాకున్న కోపమంతా ఎనిమిది సెంటీమీటర్ల డిస్కు మీదే. నింటెండో వారి టీవీ ఆటల యంత్రం గేమ్‌క్యూబ్ అడుగున బిగించే ఆ పెట్టెలో, చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ అడ్వాన్స్ చిప్పులు నిజంగానే ఉన్నాయి. ఆట ఉండే కార్ట్రిడ్జ్ పెడితే అది నడిచేది వాటి మీదే, అనుకరణ కాదు. అయినా పైన గేమ్‌క్యూబ్‌లో స్టార్టప్ డిస్కు తిరిగి సాఫ్ట్‌వేర్ ఎక్కితే తప్ప టీవీ మీద బొమ్మ రాదు. ఇల్లు మనది, తాళంచెవి పక్కింటివాళ్ళది. 2003లో దీన్ని తయారుచేసినవారు డిస్కును చదివే లెన్సు ఇరవై ఏళ్ళకు ముసలిదవడం గురించి ఆలోచించనక్కర్లేదు, నిజమే. కానీ ఆ లెన్సుతో వేగినవాడిని నేను.

మాది జపాన్ యంత్రం. బావగారు సరుకు ఓడల్లో పనిచేసే రోజుల్లో తెచ్చారు, నారింజ రంగు గేమ్‌క్యూబ్, దానికి జత ప్లేయర్ కూడా అదే రంగు. అక్కడి అడాప్టర్ వంద వోల్టులది కనుక పక్కన ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడూ గుయ్యిమంటూ ఉంటుంది. మెనూలన్నీ జపనీస్‌లో ఉన్నా వారంలో చెయ్యి అలవాటు పడింది. ఇంకో సంగతి, కార్ట్రిడ్జ్ ఏ దేశానిదైనా ఆడుతుంది, డిస్కు మాత్రం యంత్రం ఏ దేశానిదో ఆ దేశానిదే కావాలి.

మొదట్లో దొరికినవాళ్ళందరికీ దీన్ని పొగిడాను. 2001లో వచ్చిన తొలి గేమ్ బాయ్ అడ్వాన్స్ తెరకు వెనక వెలుగు లేదు. 'కాసిల్‌వేనియా: సర్కిల్ ఆఫ్ ది మూన్' ఆట దాని మీద ఆడాలంటే కిటికీ పక్కకు జరిగి, ఏ మూల ఏ దయ్యం ఉందో వెతుక్కోవాలి. అదే ఆట పాత డబ్బా టీవీలో పెడితే గోడల మీది రాళ్ళు కూడా లెక్కపెట్టవచ్చు. ఆ పొగడ్త ఇప్పటికీ వెనక్కి తీసుకోను గానీ, అది డబ్బా టీవీకే వర్తిస్తుందని చెప్పాలి. కొత్త పలక టీవీకి మామూలు పసుపు తీగతో కలిపితే 240×160 చుక్కల బొమ్మ అలుక్కుపోతుంది. పైగా వెలుగులేని తెర కోసం రంగులు ఎక్కువ పోసిన ఆటలు కొన్ని టీవీ మీద వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. వెనక డిజిటల్ పోర్టు ఉన్న తొలి రకం గేమ్‌క్యూబ్ అయితే హెచ్‌డీఎంఐ అడాప్టర్ పెట్టి చాలావరకు సరిచేసుకోవచ్చు. మాది అదృష్టవశాత్తూ ఆ రకమే.

ఇక అసలు గొడవ. మేముండేది విశాఖలో సముద్రం పక్క లాసన్స్ బే కాలనీ. సముద్రపు గాలి హాయే, కానీ ఆ ఉప్పు ఇంట్లో దేన్నీ వదలదు. కిటికీ ఊచలు, తలుపు బందులు, ప్లేయర్‌ను బిగించే మరలు, అన్నీ తుప్పే. కార్ట్రిడ్జ్ కాళ్ళకు చిలుము పడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడుస్తాను, సరిపోతుంది. లెన్సు అలా కాదు. ఒక వానాకాలం స్టార్టప్ డిస్కు మొదటిసారే ఎక్కడం మానేసి రెండోసారికి ఎక్కసాగింది, తర్వాత నాలుగోసారికి, చివరికి మొత్తానికే మొండికేసింది. జగదాంబ జంక్షన్ వైపు ఒక మరమ్మతు దుకాణంలో ఇచ్చాను. ఆయన లెన్సు తుడిచి, "కాస్త కరెంటు పెంచితే చదువుతుంది సార్" అని లోపల లేజర్ కరెంటును మార్చే చిన్న పొటెన్షియోమీటర్‌ను తిప్పారు. చదివింది. దీపావళి దాకా హాయిగా చదివి, ఆ తర్వాత ఏ డిస్కునూ పట్టించుకోలేదు. అలా కరెంటు పెంచితే లేజర్ ఇంకా తొందరగా అరిగిపోతుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ పెద్దమనిషికి తెలిసే ఉండాలి.

అప్పుడు చూడాలి నా బాధ. చిప్పులు బాగున్నాయి, కార్ట్రిడ్జ్‌లు బాగున్నాయి, టీవీ బాగుంది. ఆట లేదు.

గట్టెక్కించింది బావగారి అబ్బాయే. "మామయ్యా, డిస్కు సంగతి మర్చిపో" అని, రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డును గేమ్‌క్యూబ్ లోపల నాలుగైదు సన్నటి తీగలతో అతికించాడు. పికోబూట్ అంటారు దీన్ని. ఇప్పుడు మెమరీ కార్డు స్లాటులో పెట్టిన ఎస్‌డీ కార్డు నుంచి డిస్కులోని దానికి బదులుగా గేమ్ బాయ్ ఇంటర్‌ఫేస్ అనే సాఫ్ట్‌వేర్ నేరుగా లేస్తుంది. డిస్కు తిరిగే చప్పుడే లేదు. నేను ఊహించనిది మరొకటి జరిగింది. గేమ్ బాయ్ సెకనుకు 59.73 బొమ్మలు పంపుతుంది, టీవీ 59.94 చూపిస్తుంది. డిస్కులోని సాఫ్ట్‌వేర్ ఈ తేడాను సర్దడంలో తడబడేది, బొత్తాం నొక్కాక దూకడంలోనూ కొంచెం ఆలస్యం ఉండేది. అన్నాళ్ళూ అది నా వయసు అనుకున్నాను. ఇందులో ఆ ఆలస్యం దాదాపు తెలియదు. అంటే నేను అంత ఏడ్చిన డిస్కు, పనిచేసిన రోజుల్లో కూడా గొప్పదేమీ కాదన్నమాట.

మిగతావి తొందరగా చెబుతాను. గేమ్‌క్యూబ్ కంట్రోలర్ మీది దిశల బొత్తాం మరీ చిన్నది, గంట ఆడితే బొటనవేలు నొప్పి. యంత్రాన్ని వంచి ఆడాల్సిన ఆటలు దీని మీద ఒక ప్రహసనం. 'సూపర్ మారియో అడ్వాన్స్ 4' లాంటి కొన్నిటికి మాత్రం చేతిలో కంట్రోలర్ వణుకుతుంది, చేతి యంత్రంలో లేని సరదా అది. 

కొనమంటారా అంటే, నాకు డబ్బా టీవీ ఉంది, సోల్డరింగ్ చేసే మేనల్లుడున్నాడు, పాత కార్ట్రిడ్జ్‌ల పెట్టె ఉంది. ఈ మూడిట్లో ఒకటైనా లేకపోతే నేనే వెనకాడేవాణ్ణి. సముద్రానికి దూరంగా మధురవాడ అవతల ఉండేవాళ్ళకు లెన్సు ఇంకొన్నాళ్ళు రావచ్చు. డిస్కు లేకుండా ప్లేయర్ ఒక్కటే అమ్ముతున్నవాళ్ళు కనిపిస్తే భయపడకండి, ధర మాత్రం గట్టిగా బేరమాడండి. డిస్కుతో కలిపి ఎక్కువ చెబితే, అది మీ గేమ్‌క్యూబ్ దేశానిదేనా అని ముందు అడగండి.